హెలెన్ జ్ఞాపకార్థం ఒక ప్రాసెసర్

కంప్యూటరు కేబినెట్ పెట్టె మా ఇంటికి వచ్చిన రోజు బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. పిల్లల చేతికి ఫోన్లు ఇవ్వకండి, ఆటల్లో పడితే చదువు మీద ధ్యాస పోతుంది అని ప్రతి సమావేశంలోనూ చెప్పేది నేనే. తెలుగు మాష్టారిని కాబట్టి నలుగురికీ అర్థమయ్యేలా చెబుతానని హెడ్మాష్టరుగారు ఆ పని నాకే అప్పగిస్తారు. ఆ మధ్యాహ్నం కూడా చెప్పాను. మండపేట బస్టాండు దగ్గర కూరగాయలు తీసుకుని ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో నా నడుమెత్తున ఒక అట్టపెట్టె నిలబడి ఉంది. దాని మీద అద్దం తలుపు బొమ్మ, ఆ తలుపు లోపల ఎర్రవీ నీలంవీ దీపాలు, కింద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో గేమింగ్ అన్న మాట. కొరియర్ మనిషి దాన్ని సరిగ్గా వీధిలోకి కనిపించేలా పెట్టి వెళ్ళాడు.

నేను సంచీ కింద పెట్టి, ముందు ఆ పెట్టెని గోడవైపు తిప్పాను. అటుపక్క కూడా అదే మాట ఉంది. లోపలికి వెళ్ళి ఉతికిన దుప్పటి ఒకటి తెచ్చి కప్పాను.

మా అమ్మాయి రెబెక్కా వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"దుమ్ము పడుతుందని," అన్నాను.

"అట్టపెట్టే కదా డాడీ," అంది.

రెబెక్కా రాజమండ్రిలో బీకాం రెండో ఏడు చదువుతోంది. రోజూ బస్సులో వెళ్ళి వస్తుంది. ఇంట్లో మేమిద్దరమే. నా భార్య హెలెన్ పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. ఆమె ఇక్కడే ఒక రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు రాసేది. బియ్యం ఎత్తే లారీలు ఎప్పుడొస్తాయో కనుక్కోవడం, రాకపోతే డ్రైవర్లకి ఫోన్లు చేయడం ఆమె పనిలో సగం. అలాంటి మనిషి సాయంత్రం ఇంటికొచ్చి కూతురితో కలిసి ఫోన్లో లారీ నడిపే ఆట ఆడేది. ఎక్కడివో చలి దేశాల రోడ్లు. సరుకు ఎక్కించుకుని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చాలి. "ఇందులో లారీలు చెప్పిన టైముకి వస్తాయమ్మా, మా మిల్లులోలా కాదు," అని నవ్వేది. నేను వరండాలో పేపర్లు దిద్దుకుంటూ ఆ నవ్వు వినేవాణ్ణి.

పెద్ద తెర మీద, మంచి కంప్యూటరులో ఆ ఆట ఆడాలని వాళ్ళిద్దరూ అనుకున్నారు. అద్దం మీద వాన పడితే వైపర్లు తిరగడం ఫోన్లో సరిగ్గా కనబడదట. హెలెన్ తన జీతంలోంచి అందుకని కొంత విడిగా దాచింది కూడా. ఆస్పత్రిలో చేరాక ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, ఆ డబ్బు మందులకి వాడొద్దని చెప్పింది. "అమ్మాయిని కంప్యూటరు కొనుక్కోనివ్వండి. మీకు నచ్చదని తెలుసు," అంది. నేను సరేనన్నాను. ఆమె నన్ను అడిగిన చివరి విషయం అదేనని అప్పటికి నాకు తెలియదు.

రెబెక్కా ఒకేసారి కొనలేదు. ఏది ఎప్పుడు తక్కువకి వస్తుందో చూసి ఒక్కొక్క భాగం తెప్పించుకుంది. ముందు మదర్ బోర్డు, తర్వాత పవర్ సప్లయి, ర్యాము. ఇవన్నీ చిన్న పెట్టెలు కాబట్టి బీరువాలో పట్టాయి. కేబినెట్ పట్టలేదు. ఇక మిగిలినవి ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, తెర.

ప్రాసెసరు దగ్గర మా ఇద్దరికీ మాట కలవలేదు. అన్నం తింటూ అడిగాను, "అన్నింట్లోకీ మంచిది ఏదమ్మా?"

"ఐ నైన్ ఉంది. మనకి అక్కర్లేదు."

"ఎందుకక్కర్లేదు? నా జీతంలోంచి కొంత వేస్తాను."

"డబ్బు గురించి కాదు డాడీ. ఆటలో బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. ప్రాసెసరు దానికి ఆగకుండా పని అందిస్తే చాలు. మనం కొనగలిగిన కార్డుకి ఐ ఫైవ్ సరిపోతుంది. ఐ నైన్ పెడితే అది చాలాసేపు ఖాళీగా కూర్చుంటుంది. పైగా వేడి, దానికి పెద్ద ఫ్యాను, దానికి మళ్ళీ ఖర్చు."

"ఐ ఫైవ్ పాతబడిపోదా?"

"అన్నీ పాతబడతాయి," అంది. పళ్ళెంలోకి పెరుగు వేసుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "పన్నెండో తరం ఐ ఫైవ్‌లో చివర ఎఫ్ అని ఉన్నది ఒకటుంది. ఆరు కోర్లు. మన బోర్డుకి సరిపోతుంది. ఎఫ్ అంటే అందులో సొంతంగా గ్రాఫిక్స్ ఉండవని. అవి ఉన్నది ఇంకాస్త ఎక్కువ. మనం ఎలాగూ కార్డు పెడతాం కదా, వాడనిదానికి డబ్బెందుకు?"

"మరి ఆ కార్డు లేకుండా ఎఫ్ పెడితే?"

"తెర మీద ఏమీ రాదు. నల్లగా ఉంటుంది అంతే."

తల్లి లాగే ఉంది లెక్క. ఆ పిల్లకి ఏదైనా ఎక్కువ ఇవ్వాలని ఏడాదిగా నాకు ఉంది, ఏమివ్వాలో తెలియలేదు. ఖరీదైన ప్రాసెసరు కొనిస్తే కొంత ఇచ్చినట్టవుతుందనుకున్నాను. అది కూడా వద్దంది.

ఆ వారంలోనే చర్చివాళ్ళు మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. ఏడాదికి చర్చిలో జరిగే జ్ఞాపకార్థ కూడిక దగ్గర పడుతోంది కాబట్టి దానికి ముందు ఇంట్లో ఒక ప్రార్థన జరగాలని హెలెన్ అక్కగారు, మా బేబి వదిన అంది. ఆమె రామచంద్రపురం నుంచి మధ్యాహ్నానికే వచ్చి వంట మొదలుపెట్టింది. సాయంత్రానికి పాస్టరు అయ్యగారు, సంఘ పెద్ద యెహెజ్కేలు గారు, ఇంకో పదిమంది వచ్చారు. చాపలు పరిచాం. దుప్పటి కప్పిన పెట్టె మాత్రం కదల్లేదు. కదిపితే దుప్పటి జారి బొమ్మ బయటపడుతుందని నేనే కదపలేదు.

మా సంఘం ఆనవాయితీ ఒకటి ఇక్కడ చెప్పాలి. ఎవరైనా పోతే, ఏడాది తిరిగేసరికి ఆ కుటుంబం చర్చికి ఒక వస్తువు ఇస్తుంది. మా చర్చిలో ప్రతి ఫ్యాను రెక్క మీదా ఎవరిదో ఒకరి పేరు ఉంటుంది, పక్కనే జ్ఞాపకార్థం అన్న మాట. కుర్చీల వీపుల మీద, మైకు స్టాండు మీద, మంచినీళ్ళ డ్రమ్ము మీద కూడా ఉంటాయి. వస్తువు ముందే కొని ఇంట్లో పెట్టుకుంటారు. కూడిక రోజుదాకా కొత్త గుడ్డ కప్పి ఉంచుతారు. ఎవరూ ఏమిటని అడగరు. అడగడం మర్యాద కాదు.

యెహెజ్కేలు గారు అడగలేదు. కానీ దుప్పటి ఒక మూల జారి ఉంది. ఆయన కూర్చుంటూ ఆ మూల సర్దబోయి, కింద బొమ్మ చూశారు.

"కంప్యూటరా మాష్టారూ?" అన్నారు, గొంతు తగ్గించి.

"అవునండి," అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. "చాలా మంచి ఆలోచనండి. యూత్ వాళ్ళు ఎన్నాళ్ళబట్టో అడుగుతున్నారు. పాటలు తెర మీద వేసుకోవాలని, ఆరాధన ఫోన్లలో లైవ్ ఇవ్వాలని. హెలెనమ్మగారి పేరు ఎప్పటికీ ఉంటుంది."

అప్పుడు నేను ఒక్క మాట అనాలి. ఇది చర్చికి కాదండి అని. నాకు ఆ వాక్యం తెలుసు. రోజూ పిల్లలకి వాక్యాలు నేర్పేవాణ్ణి. అయితే ఆ వాక్యం తర్వాత ఆయన ఇంకో ప్రశ్న వేస్తారు. మరి ఎవరికి, దేనికి అని. తల్లి పోయి ఏడాది తిరగకుండా కూతురికి ఆటలాడుకునే కంప్యూటరు కొన్నానని, పదిమంది చాపల మీద కూర్చుని ఉండగా చెప్పాలి. వాళ్ళలో ఇద్దరి పిల్లలు నా క్లాసులోనే ఉన్నారు. మొన్నటి సమావేశంలో ముందు వరసలో కూర్చుని తలూపింది వాళ్ళే.

నేను చేతిలో ఉన్న బైబిలు తెరిచి ఏదో వెతుకుతున్నట్టు పేజీలు తిప్పాను.

విషయం అయ్యగారి దాకా వెళ్ళింది. ప్రార్థన చివర ఆయన లేచి, పెట్టె మీద చెయ్యి పెట్టారు. అందరూ లేచి నిలబడ్డారు. బేబి వదిన కూడా వచ్చి దుప్పటి మీద చెయ్యి వేసింది. ఈ కానుకను, దీన్ని ఇస్తున్న కుటుంబాన్ని, దీన్ని వాడబోయే చేతులను దీవించమని అయ్యగారు చాలాసేపు ప్రార్థించారు. కళ్ళు మూసుకోవలసిన సమయంలో నేను తెరిచాను. గదికి అటుపక్క రెబెక్కా కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. నన్ను చూస్తోంది. కోపంగా లేదు. నేను ఏం చేస్తానో చూస్తోంది.

అందరితో కలిసి ఆమేన్ అన్నాను.

అంతా వెళ్ళాక బేబి వదిన గిన్నెలు సర్దుతూ అంది. "నేను ఏవో కుర్చీలు ఇస్తారనుకున్నాను మరిదిగారూ. ఎంతైనా చదువుకున్నవాళ్ళు. మా చెల్లి పేరు నిలబెట్టారు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఏమే రిబ్కా, నువ్వేనా చెప్పావు నాన్నకి?" రెబెక్కాని ఆమె తెలుగు బైబిల్లో ఉన్నట్టు రిబ్కా అనే పిలుస్తుంది.

"నేను కాదు పెద్దమ్మా. డాడీయే అనుకున్నారు," అంది రెబెక్కా.

వదిన వెళ్ళాక ఆమెతో మాట్లాడాలనుకున్నాను. ఆమె చాపలు చుట్టి మూలకి పెడుతోంది.

"అమ్మా, నేను యెహెజ్కేలు గారితో మాట్లాడతాను."

"ఏమని?"

ఆమె రెండో చాప చుట్టేసింది.

"పర్లేదు డాడీ. ఇచ్చేద్దాం. కానీ చర్చికైతే ఎఫ్ పనికిరాదు."

"అంటే?"

"పాటలు చూపించడానికి, లైవ్ ఇవ్వడానికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఎఫ్ లేని ప్రాసెసరు తీసుకుంటే అందులోనే గ్రాఫిక్స్ ఉంటాయి. బోర్డు వెనక వైరు పెడితే తెర వస్తుంది. కార్డు డబ్బు మిగులుతుంది కదా, దాంతో పెద్ద తెర కొనొచ్చు. వెనక కూర్చున్న ముసలమ్మలకి కూడా పాట కనబడుతుంది." చాప గోడకి ఆనించి అంది, "ఆ దీపాల కేబినెట్టే కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. దీపాలు ఆపేయొచ్చులే."

ఆమె అరిచినా, తలుపు వేసుకుని ఏడ్చినా నాకు తేలికగా ఉండేది. తన కోసం అంత జాగ్రత్తగా ఎంచుకున్నదాన్ని, అంతే జాగ్రత్తగా ఇంకొకరి కోసం మార్చి చెప్పింది. నా మౌనాన్ని తన లెక్కలోకి తీసుకుని సర్దుకుంది. హెలెన్ కూడా అలాగే సర్దుకునేది.

ఆ ఆదివారం అయ్యగారు ప్రకటనల్లో చెప్పారు. వచ్చే ఆదివారం ఆరాధనలో శ్రీమతి హెలెన్ గారి జ్ఞాపకార్థ కూడిక, ఆ సందర్భంగా శాంతికుమార్ మాష్టారుగారు సంఘానికి కంప్యూటరు సమర్పిస్తారు అని. అందరూ మా వైపు చూశారు. ఎవరో వెనకనుంచి నా భుజం తట్టారు. నేను పాటల పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను. బయటికి వస్తుంటే యూత్ పిల్లలు రెబెక్కా చుట్టూ చేరి, ఎంత ర్యాము, ఎన్ని పోర్టులు అని అడిగారు. అన్నింటికీ ఓపికగా చెప్పింది.

శనివారం ఇద్దరం రాజమండ్రి వెళ్ళాం, ప్రాసెసరు కొనడానికి. దేవీచౌక్ దగ్గర మేడమీద చిన్న షాపు. యజమాని పేరు హరిబాబు. మాటకారి మనిషి. ఆయనకి నా చొక్కా జేబులో పెన్ను చూడగానే నేనేం చేస్తానో తెలిసిపోయింది.

"రండి మాష్టారూ, కూర్చోండి. పాపకేనా? చదువుకా?"

"ప్రాసెసరు కావాలండి," అంది రెబెక్కా. "పన్నెండో తరం ఐ ఫైవ్. ఎఫ్ లేనిది."

"ఐ ఫైవ్ ఎందుకమ్మా, ఐ సెవెన్ తీసుకో. పదేళ్ళు చూసుకోనక్కర్లేదు."

"మా పనికి అంత అక్కర్లేదండి."

"అందరూ అలాగే అంటారు. ఆర్నెల్లు తిరక్కుండా వచ్చి, స్లో అయిపోయిందండి హరిబాబుగారూ అంటారు. మాష్టారూ, మీరు చెప్పండి. పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు చాలు అనుకుంటామా, మంచిది కావాలనుకుంటామా?"

"పెళ్ళికొడుకుని మార్చడం కుదరదండి. ప్రాసెసరు మార్చుకోవచ్చు," అంది రెబెక్కా.

హరిబాబు గట్టిగా నవ్వాడు. "ఈవిడ దగ్గర మనం వ్యాపారం చేయలేం మాష్టారూ." అలమార తీసి నీలం పెట్టెలు రెండు బల్ల మీద పెట్టాడు. "ఇది ఎఫ్ ఉన్నది, ఇది లేనిది. బండి ఒకటే, ఇంజను ఒకటే. దీనికి బొమ్మ చూపించే భాగం ఉంది, దానికి లేదు. తేడా అంతే. గ్రాఫిక్స్ కార్డు ఉందా మీ దగ్గర?"

"లేదండి. పెట్టం."

"మరి గేములూ అవీ?"

"లేవండి."

"గేమింగ్ కేబినెట్ ఉందన్నావు కదమ్మా, ధర అడగడానికి ఫోన్ చేసినప్పుడు."

రెబెక్కా పెట్టె మీది చిన్న అక్షరాలు చదువుతున్నట్టు తల వంచుకుంది. ఆమె చెవుల దగ్గర ఎర్రబడటం చూశాను. నా కోసం అబద్ధం చెప్పవలసి వచ్చింది ఆ పిల్లకి, ముక్కూముఖం తెలియని షాపులో.

హరిబాబు నా వైపు తిరిగాడు. "ఇంతకీ మెషీను ఎవరు వాడతారు సార్? అది చెబితే నేను సరైనది ఇస్తాను. వస్తువు వెనక్కి తీసుకోనండి, ముందే చెబుతున్నా."

"చర్చివాళ్ళండి," అంది రెబెక్కా.

"మా అమ్మాయి," అన్నాను నేను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"మా అమ్మాయి వాడుతుందండి. ఆటలు ఆడుకోవడానికి. ఎఫ్ ఉన్నది ఇవ్వండి. గ్రాఫిక్స్ కార్డు ఏది కావాలో తను చెబుతుంది."

ఆ మాట పలకడానికి కష్టమేమీ కాలేదు. హరిబాబుకి అది మామూలు సంగతి. ఆయన తలూపి కార్డులు తీయడానికి లోపలికి వెళ్ళాడు. పన్నెండు రోజులుగా గొంతులో పెట్టుకు తిరిగిన వాక్యం అంత చిన్నదని తెలిశాక, నాకు ఇంకా సిగ్గేసింది.

రెబెక్కా నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "డాడీ, ఏంటిది? రేపు ఆదివారం. అయ్యగారికి ఏం చెబుతారు?"

"నిజమే చెబుతాను."

"పెద్దమ్మకి?"

"అందరికీ."

"వద్దు డాడీ. ఎఫ్ లేనిదే తీసుకుందాం. దాంట్లో రెండూ అవుతాయి. కావాలంటే చర్చికి ఇవ్వొచ్చు, కావాలంటే మనమే కార్డు పెట్టుకోవచ్చు."

రెండు వైపులా దారి తెరిచి ఉంచే ప్రాసెసరు. ఏదీ తేల్చి చెప్పలేనివాడికి తగినది. నేను వద్దన్నాను. "నువ్వు మొదట ఏది ఎంచావో అదే," అన్నాను. ఆమె నన్ను ఒక క్షణం చూసి, లోపలికి వెళ్ళి హరిబాబుతో కార్డు గురించి బేరం మొదలుపెట్టింది.

తిరుగు బస్సులో ఆ రెండు పెట్టెల సంచీ తన ఒళ్ళో పెట్టుకుంది. నేను మర్నాడు చెప్పవలసినది మనసులో కూర్చుకుంటూ వచ్చాను. మొదట హెలెన్ గురించి రెండు మాటలు. తర్వాత పొరపాటు. పొరపాటు అనాలా, అబద్ధం అనాలా అన్న దగ్గర ఆగిపోయాను. నేను అబద్ధమేమీ చెప్పలేదు. కంప్యూటరా అని అడిగితే అవునన్నాను. అంతే కదా అని ద్వారపూడి దాటేదాకా నాకు నేను చెప్పుకున్నాను.

ఆదివారం మేం వెళ్ళేసరికి చర్చిలో అయ్యగారు ప్రసంగించే పల్పిట్ పక్కన ఒక బల్ల వేసి ఉంది. దాని మీద తెల్లటి గుడ్డ. యెహెజ్కేలు గారు పొద్దున్నే వచ్చి వేశారట. అక్కడికి కరెంటు ప్లగ్గు కూడా కొత్తగా లాగించారు. నన్ను చూసి దగ్గరికి వచ్చి, జేబులోంచి ఒక స్టిక్కరు తీసి చూపించారు. బంగారు రంగు అక్షరాలు. శ్రీమతి హెలెన్ గారి జ్ఞాపకార్థం. "మా వాడి దగ్గర వేయించాను మాష్టారూ. ఖర్చు మీరు ఇవ్వొద్దు. సామాను ఆటోలో వస్తోందా?"

"మాట్లాడతానండి," అన్నాను.

ఆరాధన మధ్యలో మమ్మల్ని ముందుకి పిలిచారు. నేను, రెబెక్కా, బేబి వదిన వెళ్ళి ఆ బల్ల పక్కన నిలబడ్డాం. అయ్యగారు హెలెన్ గురించి మంచి మాటలు చెప్పి మైకు నా ముందుకి జరిపారు. ఆ మైకు స్టాండు మీద కూడా ఎవరిదో పేరుంది. చేతికి అక్షరాలు తగులుతున్నాయి.

కూర్చుకున్న వాక్యాలేవీ రాలేదు.

"మీరందరూ ఎదురుచూస్తున్న కంప్యూటరు తేలేదండి," అన్నాను. "అది చర్చికి కొన్నది కాదు. మా అమ్మాయికి కొన్నది. ఆటలు ఆడుకోవడానికి. హెలెన్ బతికుండగా తనే అనుకుని, తన డబ్బు దాచి, కొనమని నాకు చెప్పింది. తనూ ఆడేది. మీరు చర్చికి అనుకున్నప్పుడు కాదని చెప్పలేదు. బడిలో ఆటలు వద్దని చెప్పేవాణ్ణి కదా, ఇంట్లో ఇలా ఉందని తెలిస్తే చులకన అవుతానని చెప్పలేదు. అయ్యగారు ప్రార్థన చేస్తుంటే కూడా ఊరుకున్నాను. నన్ను క్షమించండి. చర్చికి ఏదైనా ఇస్తాం. ఇది మాత్రం ఇవ్వలేను."

ఎక్కడో ఒక పిల్లాడు కిసుక్కున నవ్వాడు, వాళ్ళమ్మ గబుక్కున నోరు మూసింది. ముందు వరసలో నా విద్యార్థి తండ్రి ఒకాయన నేలచూపులు చూస్తున్నాడు. నా బదులు ఆయన సిగ్గుపడుతున్నట్టుంది. అయ్యగారు మైకు అందుకుని, "కూర్చోండి మాష్టారూ," అని, మెల్లగా పాట నంబరు చెప్పారు. అందరూ లేచారు. ఆ పాటలో బేబి వదిన గొంతు వినబడలేదు. ఆమె గొంతు మామూలుగా అన్నింటికంటే పైన వినబడుతుంది.

బయట చెప్పులేసుకుంటుంటే వదిన నా దగ్గరికి వచ్చింది. "నాతో ఒక్క మాట చెబితే పోయేది కదా మరిదిగారూ. నేను రామచంద్రపురంలో అందరికీ చెప్పుకున్నాను." నేను తల దించుకున్నాను. ఆమె రెండడుగులు వేసి, మళ్ళీ తిరిగి అడిగింది. "చెల్లి నిజంగా ఆడేదా?"

"ఆడేది వదినా. లారీలు నడిపేది."

ఆమె బస్సు టైమైపోతోందని వెళ్ళిపోయింది, మా ఇంట్లో భోజనానికి ఆగకుండా. యెహెజ్కేలు గారు చివరగా వచ్చి ఆ స్టిక్కరు నా చేతిలో పెట్టారు. "మీ దగ్గరే ఉంచండి మాష్టారూ. ఇంకెవరికీ పనికిరాదు కదా, ఈ పేరుతో." ఎత్తిపొడుపో, మంచితనమో నాకు తెలియలేదు. అడిగే అర్హత లేదు.

ఇంటికి వచ్చేదాకా నేను నాలో నేను కొంత తేలికపడ్డాను. చెప్పవలసింది చెప్పాననుకున్నాను. తలుపు తీసి లోపలికి వచ్చాక ఆమె ఓణీ పిన్ను తీస్తూ అంది.

"అయ్యగారికి ఫోన్ చేసి చెబితే సరిపోయేది కదా డాడీ."

"అందరిముందూ అయిన తప్పు కదమ్మా, అందరిముందే..."

"తప్పు మీది. ఇప్పుడు చర్చి కంప్యూటరు లాక్కున్న పిల్లని నేను. నా పక్కనుంచి వెళ్తూ యూత్ వాళ్ళు ఒక్కళ్ళూ పలకరించలేదు. అమ్మ గురించి కూడా చెప్పేశారు. అది మా ఇద్దరిదీ. మీకే చెప్పేవాళ్ళం కాదు."

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. మౌనంగా ఉన్నప్పుడు నన్ను నేను చూసుకున్నాను. మాట్లాడినప్పుడూ నన్నే చూసుకున్నాను. మధ్యలో ఉన్న ఈ పిల్లని ఒకసారీ అడగలేదు. షాపులో నా చెయ్యి పట్టుకుని వద్దు డాడీ అన్నప్పుడైనా వినలేదు.

"నిన్ను అడగవలసింది," అన్నాను.

"అవును."

ఆమె లోపలికి వెళ్ళి బట్టలు మార్చుకుని వచ్చింది. ఇద్దరం మిగిలిన పప్పుతో అన్నం తిన్నాం. తర్వాత ఆమె దుప్పటి తీసి మడతపెట్టి, పెట్టెలన్నీ ముందుగదిలోకి తెచ్చి, మదర్ బోర్డు నేల మీద అట్టముక్క మీద పెట్టింది. వీధి తలుపు తెరిచే ఉంది. వేద్దామా అని నేను అడగలేదు.

"టార్చి పట్టుకుంటారా," అంది.

నేను చతికిలబడి ఫోను టార్చి పట్టుకున్నాను. ప్రాసెసరు నా బొటనవేలి రెండు కణుపుల కంటే పెద్దగా లేదు. దాన్ని అంచులు పట్టుకుని, మూలనున్న చిన్న గుర్తు చూసుకుని, గట్టిగా నొక్కకుండా గూటిలో వదిలింది. తర్వాత పక్కనున్న కమ్మీని కిందికి వంచింది. ఏదో విరిగినట్టు కరకరమంది. నేను ఉలిక్కిపడ్డాను.

"అలాగే చప్పుడవుతుంది డాడీ. ఏం కాదు."

బయట ఎవరో సైకిలు ఆపి లోపలికి చూసి వెళ్ళారు. మా వీధి చివర ఉండే చర్చివాళ్ళే అయుండాలి. రెబెక్కా తలెత్తి చూసి, మళ్ళీ ఫ్యాను స్క్రూలు బిగించడంలో పడింది. నేను అన్నాను.

"వచ్చే వారం పొద్దున్నే జరిగే ఆరాధనకి వెళ్దామా? జనం తక్కువ ఉంటారు."

ఆమె స్క్రూ చివరిదాకా తిప్పి, వేలితో నొక్కి చూసింది.

"వద్దు. ఎప్పుడూ వెళ్ళేదానికే వెళ్దాం," అంది. "మీరు మాత్రం ఏమీ మాట్లాడకండి. యూత్ వాళ్ళతో నేను మాట్లాడతాను."

సరేనన్నాను. టార్చి ఇంకొంచెం దగ్గరగా పట్టమంది. పట్టాను.